జకరయ్య మోకరించిన అతుకు

2018 నవంబరు. వికారాబాద్, తాండూరుల మధ్య రైలు పట్టాల నిర్వహణలో కొంత దూరం నా బాధ్యతలో ఉన్న కాలమది. ఉద్యోగంలో చేరిన నాటి నుంచి పదవీ విరమణ వరకు నేను డైరీ రాయని రోజు లేదు. ఏ రోజు ఏ కిలోమీటరు దగ్గర ఏ బోల్టు వదులైందో, ఎవరికి చెప్పానో, ఎవరు బిగించారో, అన్నీ రాసి ఉన్నాయి. ఈ సంగతి కూడా ఆ డైరీలను ముందు పెట్టుకునే రాస్తున్నాను. జ్ఞాపకం మనిషికి అనుకూలంగా మాట్లాడుతుంది. నా చేతిరాత నాకు ఏనాడూ అనుకూలంగా మాట్లాడలేదు.

పట్టాలను రోజూ కాలినడకన చూసుకుంటూ పోయే మనిషిని మా శాఖలో కీమ్యాన్ అంటారు. అతనికి అప్పగించిన దూరాన్ని బీట్ అంటారు. పొద్దున ఒక పట్టా చూసుకుంటూ పోయి, రెండో పట్టా చూసుకుంటూ తిరిగి రావాలి. భుజాన సుత్తి, స్పానరు, ఎర్రజెండా, పచ్చజెండా ఉంటాయి. చక్రం కింద పేలి డ్రైవరును హెచ్చరించే డిటొనేటర్లు ఒక డబ్బాలో ఉంటాయి. వందలాది ప్రాణాలకు ఆ ఒక్కడి కళ్ళే కాపలా.

చలికాలం మాకు భయాల కాలం. ఎండకు సాగిన ఇనుము చలికి ముడుచుకుంటుంది. రెండు పట్టాలను కరిగించిన లోహంతో కలిపిన చోటును వెల్డ్ అంటాం, పట్టాలు మరమ్మతు చేసే గ్యాంగు మనుషులు అతుకు అంటారు. ముడుచుకునే పట్టా రెండు వైపులా లాగినప్పుడు బలహీనమైన అతుకు తెగుతుంది. ఆ పగులు చాలాసార్లు అడుగున, కంకర వైపున మొదలవుతుంది. నిలబడి చూసేవాడికి పైన మెరిసే ఇనుము తప్ప ఏమీ కనబడదు.

నా దగ్గర ఇంకో పుస్తకం ఉండేది. వికారాబాద్‌లోని మా క్రైస్తవ సంఘానికి నేను పెద్దను. ఆదివారం ఆరాధనకు ఎవరు వచ్చారు, ఎవరు రాలేదు అన్న హాజరు పట్టీ నా చేతిలో ఉండేది. ప్రతి నెలా మొదటి ఆదివారం రొట్టె, ద్రాక్షరసం పంచుకునే ప్రభువు బల్ల జరిగేది. వరుసగా మూడు బల్లలకు రానివారు పెద్దల ముందు కారణం చెప్పుకున్న తరువాతే మళ్ళీ బల్లలో చేయి వేయాలన్నది మా సంఘపు కట్టడి. ఆ కట్టడిని ప్రతిపాదించినవాడిని నేనే. సగం మనసుతో దేవుణ్ణి కొలిచేవారిని చూస్తే నాకు అప్పుడూ ఒళ్ళు మండేది, ఇప్పుడూ మండుతుంది.

ఈ రెండు పుస్తకాలలోనూ ఒకే మనిషి పేరు ఎర్ర సిరాతో ఉండేది. అతని పేరు జకరయ్య. దోమ మండలంలోని ఒక పల్లె నుంచి వచ్చి వికారాబాద్‌లో కాపురం పెట్టిన కీమ్యాన్. నలభై ఏళ్ళు దాటినవాడు, మాట తక్కువ. సంఘపు పుస్తకంలో అతనికి మూడు బల్లలు తప్పాయి. ఉద్యోగపు డైరీలో అతను రోజూ బీట్ ఆలస్యంగా ముగించేవాడు. మిగతా కీమ్యాన్లకన్నా ముప్పావుగంట ఎక్కువ పట్టేది.

మొదట ఫిర్యాదు చేసినవాడు గ్యాంగు పెద్ద నర్సింలు. గ్యాంగు పెద్దను మేట్ అంటారు. నవంబరు మూడో వారంలో నా ఆఫీసుకు వచ్చి గుమ్మం దగ్గరే నవ్వుతూ నిలబడ్డాడు.

"సార్, ఓ ముచ్చట జెప్త, కోపానికి రాకున్రి. మీ జకరయ్య కందిచేన్ల మలుపు కాడ రోజు మోకాళ్ళేసి ప్రార్థన జేస్తుండు. మీ దేవునికి మస్తు ఫుర్సత్ ఉన్నట్టుంది, రోజు ఒక్క అతుకు కాడనే కూసుంటుండు."

"డ్యూటీలోనా?"

"డ్యూటీల కాకుంటే నేనెందుకు జెప్త సార్? జెండాలు పక్కకు వెట్టి, తల కిందికి వెట్టి, పెదవులు ఆడిస్తనే ఉంటడు. నేను కండ్లార జూసిన."

'మీ జకరయ్య' అన్న మాట నాకు గుచ్చుకుంది. నేనూ క్రైస్తవుణ్ణే, అతనూ క్రైస్తవుడే. మనవాడని వదిలేశాడన్న మాట నా మీద పడకూడదన్న పట్టుదల నాకు ఉద్యోగమంతా ఉండేది. ఇప్పుడు ఆలోచిస్తే, మా సంఘంవారి తప్పు నాకు ఇతరుల తప్పుకన్నా రెట్టింపుగా కనబడేది. దాన్నే నేను నిష్పక్షపాతం అనుకున్నాను.

రెండు రోజుల తరువాత చెప్పకుండా వెళ్ళాను. పొగమంచు ఇంకా విడలేదు. పట్టాలకు ఇరువైపులా కంది చేలు కాయ ముదిరి గోధుమరంగుకు తిరుగుతున్నాయి. మలుపు దగ్గర, నర్సింలు చెప్పినట్టే, జకరయ్య కంకర మీద మోకరించి ఉన్నాడు. పెదవులు కదులుతున్నాయి. అయిదు నిమిషాలు గడియారం చూసుకుంటూ నిలబడి, ఆ తరువాత పిలిచాను.

అతను ఉలిక్కిపడలేదు. లేచి, మోకాళ్ళకు అంటిన రాళ్ళపొడి దులుపుకుని నమస్కరించాడు. "వందనాలు సార్."

"ఇది ప్రార్థన చేసే చోటా?"

"అతుకు జూస్తున్న సార్. సలి ముదిరిన కొద్ది దీని సప్పుడు మారుతున్నది. సుత్తితోని కొడితే మొదట గంట లెక్క మోగుతుండె. ఇప్పుడు బొంగురువోయింది."

"పెదవులు ఎందుకు ఆడుతున్నాయి?"

"ప్రార్థన గూడ జేసిన సార్. అబద్ధమెందుకు?"

ఆ ఒక్క ఒప్పుకోలు చాలు నాకు. ఆ వెల్డుకు సెప్టెంబరులో అల్ట్రాసోనిక్ పరీక్ష జరిగింది. శబ్దతరంగాలతో ఇనుము లోపలి లోపాన్ని పట్టే పరీక్ష అది. లోపం లేదని రాసిన కాగితం నా దగ్గర ఉంది. వంగి అడుగు భాగం చూడమని అతను రెండుసార్లు అడిగాడు. సెప్టెంబరుకూ నవంబరు చలికీ ఎంత దూరమో నాకన్నా ఎక్కువ తెలిసినవారు ఆ సెక్షనులో లేరు. అయినా నేను వంగలేదు. "పరీక్ష అయింది" అన్నాను. ఆ సాయంత్రం డైరీలో రాసిన వాక్యం ఇది: "కీమ్యాన్ జకరయ్య విధి నిర్వహణలో ప్రార్థన చేయుచు పట్టుబడినాడు. తప్పించుకొనుటకు వెల్డు సాకు చెప్పినాడు."

డిసెంబరు మొదటి తేదీ నుంచి అతణ్ణి బీట్ నుంచి తప్పించి గ్యాంగులో వేశాను. జెండాలు, సుత్తి, డిటొనేటర్ల డబ్బా సంతకం తీసుకుని వాపసు పుచ్చుకున్నాను. గ్యాంగులో చురుకైన ఇంకొకణ్ణి కీమ్యాన్‌గా పెట్టాను. కొత్తవాడు బీట్‌ను చెప్పిన సమయానికే ముగించేవాడు. నా డైరీ కళకళలాడింది.

గ్యాంగుకు ఆదివారం సెలవు కనుక మరుసటి ఆదివారం జకరయ్య భార్యాబిడ్డలతో ఆరాధనకు వచ్చాడు. ఆరాధన మొదలవకముందే పెద్దల ముందు నిలబెట్టి మూడు బల్లలకు ఎందుకు రాలేదని అడిగాను.

"డ్యూటీ సార్."

"డ్యూటీ అందరికీ ఉంటుంది. దేవునికి పూర్ణహృదయం ఇచ్చినవాడు దారి వెతుక్కుంటాడు."

అతను నా ముఖంలోకి చూశాడు. అతను అనని మాట ఏమిటో నాకు తెలుసు. కీమ్యాన్ల డ్యూటీ పట్టీ వేసేది నేనే. అతనికి వారపు సెలవు గురువారం రాసినదీ నేనే. ఆదివారం డ్యూటీ వేసిన చేతితోనే ఆదివారం గైర్హాజరు కూడా వేశాను. అది తెలిసి కూడా కట్టడి కట్టడే అనుకున్నాను. ఆ నెల బల్లలో అతనికి చేయి లేదు. పాస్టరుగారు, "మరొకసారి ఆలోచించండి అన్నా" అన్నారు. నేను పుస్తకం మూసేశాను.

అక్కడి నుంచి నాకు మనశ్శాంతి తగ్గింది. జకరయ్య తన శిక్ష గురించి ఒక్క మాట అడగలేదు. పని దిగిన తరువాత వారంలో రెండుసార్లు ఆఫీసు గేటు దగ్గర నిలబడేవాడు.

"సార్, నన్ను ఏడనన్న వెయ్యున్రి. గా అతుకు మీద జర నజర్ వెట్టుమని కొత్తాయనకు జెప్పున్రి. నాకు ఫికర్ అయితున్నది."

"చెప్పాను. అతను రోజూ చూస్తున్నాడు."

"వంగి జూస్తుండా సార్?"

కొత్తవాణ్ణి పిలిచి అడిగితే, "ఓకే ఉంది సార్, రోజు జూస్తనే ఉన్న" అన్నాడు. అతని పాంటు మోకాళ్ళ దగ్గర ఇస్త్రీ చెదరలేదు. అది గమనించాను. గమనించినట్టు డైరీలో రాయలేదు. నా జీవితంలో చూసి రాయకుండా వదిలేసిన సంగతి అదొక్కటే. ప్రతి పొద్దునా తలుపు తీయగానే చలి ఎంత ఉందో ముఖంతో కొలుచుకోవడం అలవాటైంది. ఒకసారి వెళ్ళి చూసివస్తే సరిపోయేది. వెళితే నా మాట మీద నాకే నమ్మకం లేదని నర్సింలు నవ్వుతాడని వెళ్ళలేదు.

క్రిస్మస్ నాటి పొద్దున ఆ కాలంలో నేనెరిగినంతలో గట్టి చలి. పది గంటలకు ఆరాధన. తొమ్మిదిన్నరకే హాజరు పట్టీ పట్టుకుని గుమ్మం దగ్గర కూర్చున్నాను. జకరయ్య భార్య సుగుణమ్మ కూతురి చెయ్యి పట్టుకుని ఒంటరిగా వచ్చింది.

"జకరయ్య ఏడీ?"

"రాలే సార్. గైర్హాజరు రాసుకోన్రి. గన్ని రాసిండ్రు, ఇదొక్కటి మీకు బరువా?"

"ఈ రోజు గ్యాంగుకు సెలవు. క్రిస్మస్ నాడు కూడా రాకపోతే అది ఏ భక్తి?"

ఆమె గొంతులో ఏడుపుకన్నా కోపం ఎక్కువగా ఉంది. "ఏ భక్తో నాకేం తెలుసు సార్! ఏడు గంటలకు లేసి, ఇయ్యాల సలి బాగున్నది, ఒక్కసారి అతుకు జూసొస్తనని పట్టాల కాడికి వోయిండు. కొత్త అంగి మంచం మీదనే ఉన్నది. గంటన్నరల వస్తనన్నడు. ఇంక రాలే. ఫోను ఇంట్లనే మర్చిపోయిండు."

గడియారం చూశాను. తొమ్మిదీ నలభై. తాండూరు వైపు నుంచి వచ్చే ఎక్స్‌ప్రెస్ ఆ మలుపు దాటవలసిన సమయానికి గంట కూడా లేదు. మొదట నాకు కోపమే వచ్చింది. డ్యూటీలో లేని మనిషి అనుమతి లేకుండా పట్టాల మీదికి వెళ్ళాడు. ఆ వెంటనే ఇంకో లెక్క తట్టింది. గంటన్నర అన్న మనిషి రాలేదు. ఊరికే ఆగిపోయే మనిషి కాడు. అక్కడ ఏదో జరిగి ఉంటే రైలును ఆపడానికి అతని దగ్గర జెండా లేదు, డిటొనేటర్ లేదు. సంతకం తీసుకుని అవన్నీ పుచ్చుకున్నది నేను.

కొత్త కీమ్యాన్‌కు ఫోన్ చేశాను. "పొద్దున్నే ఆ మలుపు దాటిన సార్, అంతా ఓకే" అన్నాడు. వంగి చూశావా అని అడిగాను. "నిలవడి జూసిన సార్" అన్నాడు.

తాండూరు స్టేషన్ మాస్టరుకు ఫోన్ చేసి ఎక్స్‌ప్రెస్‌ను అక్కడే ఆపమన్నాను.

"ఎందుకాపాలె సార్? రిపోర్టు ఇచ్చిందెవరు?"

"జకరయ్య."

"ఆయన కీమ్యాన్ కాడు గద ఇప్పుడు! ఫోన్ జేసిండా?"

"చేయలేదు."

"మీరు జూసిండ్రా మరి?"

"చూడలేదు."

"పండుగ పూట నన్ను పరేషాన్ చేయకున్రి సార్. ఎక్స్‌ప్రెస్‌ను ఆపితే పైవాళ్ళు నన్ను అడుగుతరు. ఏమని జెప్పాలె?"

ఆ క్షణంలో నా ముందు రెండు సాక్ష్యాలు ఉన్నాయి. ఒకటి సెప్టెంబరు కాగితం, కొత్త కీమ్యాన్ నోటిమాట, నెల రోజుల నా డైరీ. రెండోది గంటన్నరలో వస్తానన్న మనిషి రాకపోవడం. పట్టా బాగుంటే, నేను శిక్షించిన మనిషి బెంగను నమ్మి ఎక్స్‌ప్రెస్ ఆపినందుకు సంజాయిషీ ఇచ్చుకోవాలి. అంతవరకు పనిచేసిన మంచిపేరు ఆ ఒక్క కాగితంతో పోతుంది.

"నేను ఆపమన్నానని రాయండి. పట్టా విరిగి ఉండవచ్చునన్న అనుమానంతో నా బాధ్యతపై ఆపించానని రాసి సంతకం పెడతాను."

హాజరు పట్టీని అక్కడే బల్ల మీద వదిలేశాను. పెద్దనైన తరువాత ఆరాధన విడిచి వెళ్ళడం అదే మొదటిసారి. కూతుర్ని పాస్టరుగారి భార్యకు అప్పగించి సుగుణమ్మ కూడా వస్తానంది. పాస్టరుగారు తన కారు తాళాలు నా చేతిలో పెట్టారు. దారి పొడవునా ఆమె ఒకే మాట అంటూ ఉంది. "ఫోనన్న తీస్కపోకపాయె." ప్రార్థన చేద్దామనుకున్నాను. మాటలు రాలేదు.

కారు దిగి, చేల గట్టు మీదుగా పట్టాల మీదికి ఎక్కి, మలుపు వైపు నడిచాము. మంచు పలచబడుతోంది. అతుకు దగ్గర జకరయ్య లేడు. నేను వంగాను. ఈసారి వంగాను. అతుకు పై నుంచి కింది దాకా తెగి ఉంది. నా బొటనవేలు దూరేంత సందు. అడుగున పాత పగులు నల్లగా తుప్పు పట్టి ఉంది, పైన కొత్తగా విరిగిన ఇనుము తెల్లగా మెరుస్తోంది. ఆ నలుపు ఒక్క రోజుది కాదు. అతను చూడమన్న నాడు కూడా అది అక్కడ ఉండే ఉంటుంది.

"ఆయన ఏడి సార్?" అని సుగుణమ్మ అరిచింది.

తాండూరు వైపు, చాలా దూరాన, పట్టాల మధ్య ఒక మనిషి మాకు వీపు చేసి నిలబడి ఉన్నాడు. రెండు చేతులూ తలపైకి నిటారుగా ఎత్తి ఉన్నాయి. జెండా లేనప్పుడు పగటివేళ రైలును ఆపడానికి మా నియమాలు చెప్పే సంకేతం అదే. విరిగిన చోటు నుంచి ఎంత దూరం నడిచి నిలబడాలో కూడా నియమం ఉంది. సరిగ్గా అంత దూరానే నిలబడ్డాడు.

రైలును తాండూరులో ఆపారని అతనికి తెలియదు. ఎనిమిది గంటలకు గూడ్సు బండి దాటగానే అతుకు తెగడం చూశాడట. లెవెల్ క్రాసింగ్ గేటు దాకా పోయి ఫోన్ చేయిద్దామంటే ఈలోగా రైలు వస్తే ఎలా అని అక్కడే నిలిచిపోయాడు. మంచులో డ్రైవరుకు కనబడడానికి ఒక్క క్షణం దొరికినా ఆ క్షణంలో చేతులు పైన ఉండాలి. అందుకని గంటన్నరకు పైగా దించలేదు.

సుగుణమ్మ పరుగెత్తి వెళ్ళి అతని ముందు నిలబడింది. "దించు ఇగ. బండి రాదట. సార్ ఆపిచ్చిండు."

అతను ఆమె మాట నమ్మనట్టు నా వైపు చూశాడు. నేను తల ఊపాను. అయినా చేతులు దిగలేదు. కొయ్యబారిపోయాయి. ఆమె ఒక చేయి, నేను ఒక చేయి పట్టుకుని మెల్లగా కిందికి దించాము. చొక్కా మంచుకు తడిసి ఉంది.

"ఆపిచ్చిండ్రా సార్?" అన్నాడు. "దేవునికి స్తోత్రం." తరువాత, ఏదో తప్పు ఒప్పుకుంటున్నవాడిలా, "ఆరాధన తప్పింది సార్" అన్నాడు.

నేను నా కోటు విప్పి అతని భుజాల మీద కప్పాను.

గ్యాంగు వచ్చి విరిగిన పట్టాకు ఇనుప పట్టీలు బిగించింది. ఆ తరువాత ఎక్స్‌ప్రెస్ నడకంత వేగంతో ఆ చోటు దాటింది. కిటికీల దగ్గర జనం పండ్లు ఒలుచుకుంటూ, ఫోన్లు చూసుకుంటూ, ఎందుకాపారో తెలియక విసుక్కుంటూ వెళ్ళారు. నర్సింలు టోపీ తీసి నిలబడ్డాడు. ఆ రోజు అతను ఏ పరిహాసమూ ఆడలేదు.

మరునాడు పైఅధికారులకు నివేదిక రాశాను. కీమ్యాన్ జకరయ్య నవంబరులోనే నోటిమాటగా తెలిపిన లోపాన్ని నేను పరిశీలించలేదని, అతణ్ణి తప్పుగా బీట్ నుంచి తొలగించానని అందులో ఉంది. దానికి రావలసిన శిక్ష వచ్చింది, అనుభవించాను. ఆ నివేదిక నకలునే తరువాతి ఆదివారం సంఘంలో నిలబడి చదివాను. డ్యూటీ పట్టీ సంగతి కూడా చదివాను. పుస్తకంలో అతని పేరు పక్కన ఉన్న ఎర్ర గీతలను కొట్టివేయలేదు. రాసింది చెరపడం నా పద్ధతి కాదు. వాటి కింద, "ఈ గైర్హాజరులు రాసినవాని తప్పు" అని రాసి సంతకం పెట్టాను. మూడు బల్లల కట్టడిని ఆనాటితో ఎత్తివేశాము.

ఇప్పటికీ నాకు కోపం వస్తూనే ఉంటుంది. ఎవరి గొంతు పెద్దదో, ఎవరు ముందు వరుసలో కూర్చున్నారో చూసి భక్తిని కొలిచే పెద్దలను ఇంకా చూస్తున్నాను. వారి చేతుల్లో నా పుస్తకంలాంటి పుస్తకమే ఉంటుంది. దేవునికి మనసంతా ఇచ్చిన మనిషి ఎక్కడ ఉంటాడో ఆ పుస్తకంలో దొరకదని చెప్పడానికే ఇది రాశాను. అతను తనకు అప్పగించిన అతుకు దగ్గర ఉంటాడు.

జకరయ్య మళ్ళీ తన బీట్ మీదికి వచ్చాడు. నేను పదవీ విరమణ చేసే ముందు వారంలో ఒక పొద్దున అతనితో కలిసి ఆ బీట్ అంతా నడిచాను. మలుపు దగ్గర కొత్త అతుకు వచ్చింది. అతను ఎప్పటిలాగే జెండాలు పక్కన పెట్టి మోకరించాడు. నా మోకాళ్ళు సహకరించకపోయినా పట్టా పట్టుకుని నేనూ దిగాను. కంకర గుచ్చుకుంది. సుత్తితో కొట్టాడు. గంటలా మోగింది. అతని పెదవులు కదలసాగాయి. నేనూ చేతులు జోడించి, అలవాటు చొప్పున కళ్ళు మూసుకున్నాను.

జకరయ్య నా భుజం తట్టాడు.

"సార్, కండ్లు తెరువున్రి. మూస్కుంటే పట్ట కానరాదు."